తెడ్డు తిరగేసిన రోజులు

పోయిన మొగుడు రోజూ తెల్లారగట్ల ఇరవై మూడు పడవల్లోంచి ఒకేసారి పిలుస్తుంటే ఏ ఆడదానికైనా ఒళ్లు మండదా? గున్నమ్మకు మండింది. పదకొండు నెలలుగా మండుతూనే ఉంది.

"పదండ్రా! గంగమ్మ పిలస్తన్నాది. తూరుపుకి తిప్పండి. పన్నెండు బారల నీటికాడ కవళ్ల సేపలు ఆడతన్నాయి."

అచ్చం ఎల్లాజీ గొంతే. మాట చివర కాస్త జీరపోవడం, "పదండ్రా" అనేముందు చిన్నగా దగ్గడం, అన్నీ ఎల్లాజీవే. మనిషి మాత్రం మట్టిలో కలిసి ఏడాది కావస్తోంది.

ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన నూట నలభై గడపల ఊరు మొగపేట. ఊళ్లో పడవలన్నిటికీ, విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధనలు చేసే లేబువాళ్లు తలా ఒక పెట్టె బిగించారు. పడవ నడిపే పెద్దను సరంగు అంటారు కాబట్టి జనం దానికి సరంగు పెట్టె అని పేరు పెట్టారు. పెట్టెకు ఒక తీగ, తీగ చివర వేలెడంత గొట్టం ఉంటాయి. గొట్టాన్ని నీళ్లలో ముంచితే అది నీళ్ల చప్పుడు వింటుంది. ఆ చప్పుడు వింటే ఎల్లాజీ ఏమంటాడో పెట్టె ఎల్లాజీ గొంతుతో అదే అంటుంది. చేపలు ఎటు ఉన్నాయో, వల ఎప్పుడు దింపాలో, ఎప్పుడు లాగాలో చెబుతుంది. ఎప్పుడో తప్ప తప్పు చెప్పదు.

ఎల్లాజీ తల్లి, గున్నమ్మ అత్త ఎర్రమ్మకు కళ్లు సరిగా ఆనవు. ఆవిడ రోజూ కర్ర పొడుచుకుంటూ ఒడ్డుకొచ్చి, పడవల పక్కన ఇసకలో చతికిలబడి కొడుకు గొంతు వింటుంది.

"ఈయేళ నా కొడుకు నవ్వుతా మాటాడినాడే గున్నమ్మా," అంటుంది మురిసిపోతూ.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ముసలామెను ఏమీ అనలేక గున్నమ్మ పళ్లు కొరుక్కునేది.

కార్తీకం వచ్చింది. కార్తీకమంటే వాయుగుండాల కాలం. ఆ రోజు కొడుకు ధనరాజు పెట్టె మోసుకుని పడవ దగ్గరికి వెళుతుంటే, గున్నమ్మ ఇంట్లోంచి రోకలి పట్టుకుని వెనకే వచ్చింది. ధనరాజు పెట్టెను పడవ అంచు మీద పెట్టి తాడు విప్పడానికి వంగాడు. అతను లేచేసరికి రోకలి పెట్టె మీద పడింది. ఒక్క పోటుకు మూత పగిలింది, రెండో పోటుకు లోపలి సామానంతా ఇసకలో పడింది.

"అమ్మా! అయ్య గొంతది!" అని అరిచాడు ధనరాజు.

"మీ అయ్య గొంతేట్రా? మీ అయ్యని మింగిన గొంతది! నిన్ను కూడా మింగడానికి పిలస్తన్నాది. నానుండగా నువ్వు దాని మాట ఇని ఎల్లడానికి లేదు."

ఒడ్డున మగాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తుండిపోయారు. ఎర్రమ్మ కర్ర కింద పారేసి ఇసకలో చేతులతో తడుముతూ, "నా కొడుకుని కొట్టేసినావే, నా కొడుకుని కొట్టేసినావే," అని ఏడ్చింది. గున్నమ్మ ఏడవలేదు. రోకలి భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

కిందటేడు జరిగింది ఊళ్లో అందరికీ తెలుసు. తెల్లారగట్ల ఎల్లాజీ ఒడ్డుకు వెళ్లాడు. తెడ్డు నీళ్లలో దింపి, పిడికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. తరవాత నోరు మెదపకుండా తెడ్డును తిరగేసి, పిడి కిందికీ రెక్క పైకీ వచ్చేలా ఇసకలో పాతి, ఇంటిదారి పట్టాడు. గంగమ్మ ఎదుట నిలబడి "ఒద్దు" అనకూడదు, "రాను" అనకూడదు. మొగపేటలో అది తాతలనాటి కట్టు. మనం ఆ మాట అంటే, నడిసంద్రంలో మనం బతిమాలుకున్న రోజున ఆ తల్లీ అదే మాట అంటుందని భయం. అందుకే తెడ్డు తిరగేస్తారు. అది చూసి మిగతావాళ్లు మారు మాట్లాడకుండా పడవలు వెనక్కి లాగేస్తారు.

ఆ రోజు మాత్రం లాగలేదు. అప్పటికి ఊళ్లోకి పెట్టెలొచ్చి ఆరు నెలలయింది. కుర్రకారు పెట్టెలు నీళ్లలో ముంచారు. ఇరవై మూడు పెట్టెలూ ఎల్లాజీ గొంతుతో "పదండ్రా" అన్నాయి. "ఏటి మావా, నీ నోరు నిన్నే కాదంటన్నాది?" అని ఒకడు నవ్వాడు. ఒకడు నవ్వితే నలుగురు నవ్వారు. గంట తరవాత ఎల్లాజీ ఇంట్లోంచి మళ్లీ వచ్చి, పాతిన తెడ్డును పీకి, కొడుకుతో పడవెక్కాడు. గంట ముందు పోయిన పడవలు అప్పటికే ఒడ్డు చేరాయి. వెనకపడ్డ ఎల్లాజీ తిరిగొచ్చేటప్పుడు మొగ దగ్గర మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి లేచి పడవను బోర్లా వేశాయి. ధనరాజు ఆయిల్ డబ్బా పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఎల్లాజీ మూడో రోజుకు వచ్చాడు.

ఆ గంటసేపు ఇంట్లో ఏం జరిగిందో గున్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు కూడా.

పెట్టె పగిలిన మూడో రోజున లేబు నుంచి నిరుపమ వచ్చింది. తెనాలి పిల్ల. మూడేళ్లు ఎల్లాజీ వెంట తిరిగి, అతని తెడ్డు పిడిలో గొట్టం అమర్చి, మెడకు గొంతు వినే పట్టీ కట్టి, నీళ్ల చప్పుడుకూ అతని మాటకూ జత కలిపింది ఈమే. ఈ ఇంట్లో అన్నం తిన్నది, గున్నమ్మను అక్కా అని పిలిచింది. ఇప్పుడు ఒక చేతిలో కొత్త పెట్టె, ఇంకో చేతిలో కాగితాల కట్టతో గుమ్మంలో నిలబడింది.

గున్నమ్మ మంచినీళ్లయినా ఇవ్వలేదు. మొగపేటలో అది చెంపదెబ్బతో సమానం.

"ఎలా ఉన్నావక్కా?" అంది నిరుపమ.

"కాయితాలేటో సెప్పు."

నిరుపమ పెట్టె కింద దించి, కాగితాలు విప్పి చెప్పింది. వచ్చే నెల నుంచి తీరం పొడుగునా నలభై ఊళ్లకు పెట్టెలు ఇస్తారట. అన్నిటిలోనూ ఎల్లాజీ గొంతే పెడతారట. దానికి ఇంటివాళ్ల సంతకం కావాలట.

"ఒక్క ఊళ్లో మనిషిని సంపితే సాలనేదు, నలభై ఊళ్లు కావాలా మీకు?"

"అలా అనొద్దక్కా. ఆ రోజు పెట్టె ఎందుకు తప్పు చెప్పిందో మాకూ అర్థం కావట్లేదు. పదకొండు నెలలుగా అదే వెతుకుతున్నాను. మూడేళ్లలో ఆయన వేటకు వెళ్లిన ఎనిమిది వందల రోజులూ ఒకటికి పదిసార్లు విన్నాను. ఎక్కడా పొరపాటు లేదు."

"ఎల్లిన రోజులిన్నావు సరే. ఎల్లని రోజులో?"

"అంటే?"

"తెడ్డు తిరగేసిన రోజులమ్మా!"

నిరుపమ తెల్లమొహం వేసింది. నిజంగానే ఆమెకు తెలియదు. మూడేళ్లూ వేటకు వెళ్లే రోజుల్లోనే ఒడ్డుకు వచ్చేది. వెళ్లని రోజున, "రేపు రా అమ్మా" అని ఎల్లాజీ ఫోన్ చేసేవాడు, అంతే. గున్నమ్మ చెబుతుంటే వింటూ ఒళ్లోని పలకలాంటి కంప్యూటర్ తెరిచి వేలితో కిందికి తోసింది. ఒకచోట ఆగింది.

"వేట నిషేధం నెలలు కాక ఆయన వెళ్లని రోజులు నూట పన్నెండు ఉన్నాయక్కా," అంది మెల్లిగా. "పట్టీ కట్టుకోలేదు, మాట లేదు. అందుకని... సెలవు అని రాసి తీసేశాం."

"ఏటని రాసినావు?"

"సెలవు."

గున్నమ్మ లేచి నిలబడింది.

"సెలవా? సంద్రం ముందర నిలబడి, పానం గుప్పిట్లో ఎట్టుకుని, ఈయేళ మనిషి బతకడని తెలుసుకుని ఎనక్కి తిరిగిన రోజు నీకు సెలవా? సేపలెక్కడున్నాయో ఊళ్లో సిన్నగుంటలు కూడా సెప్తారు. ఎప్పుడెల్లకూడదో సెప్పినోడే సరంగు! మనిషి మెడకి పట్టీ కట్టి గొంతు ఇన్నారు గానీ, కళ్లెట్టి ఒక్కనాడు సూసినారా మీరు? అన్ని సదూలు సదివి ఏటి నేర్సుకున్నారు?"

"మాకెవరూ చెప్పలేదక్కా!" నిరుపమకూ కోపం వచ్చింది. "మూడేళ్లు ఈ వాకిట్లో కూర్చున్నాను. ఒక్కరైనా చెప్పారా?"

"నువ్వడిగినావా? పాలు తాగే గుంటకి కూడా తెలిసిన సంగతిని ఎవులైనా పనిగట్టుకుని సెప్తారా?"

ఇద్దరూ ఆయాసపడుతూ ఒకరినొకరు చూసుకున్నారు. తప్పెక్కడుందో ఇద్దరికీ ఇప్పుడు తెలిసింది. పెట్టెకు "పదండ్రా" తప్ప వేరే మాట తెలియదు. ఎప్పుడూ వినని చప్పుడు వింటే, తనకు తెలిసిన చప్పుళ్లలో దానికి దగ్గరగా ఉన్నదేదో చూసుకుని "పదండ్రా" అంటుంది. ఈ కార్తీకంలో కూడా అలాంటి రోజు వస్తుంది. రాక మానదు. ఆ రోజున పెట్టె పిలుస్తుంది, ధనరాజు పోతాడు. తండ్రి గొంతు కదా, ఎందుకు పోడు?

"ఆ రోజుల చప్పుడు ఉందక్కా," అంది నిరుపమ. "సముద్రంలో మేం లంగరేసి తేలగట్టిన బుడ్డీ ఒకటుంది, దాని గొట్టం రాత్రీ పగలూ నీళ్ల చప్పుడు వింటూనే ఉంటుంది. తారీఖులూ ఉన్నాయి. కానీ ఈ నూట పన్నెండులో జ్వరాలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, పండగలుంటాయి. ఏది తెడ్డు తిరగేసిన రోజో, ఏది నిజంగా సెలవో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది."

మూలన కూర్చుని ముభావంగా వల అల్లుతున్న ధనరాజు తలెత్తాడు. రోకలి రోజు నుంచి అతను తల్లితో మాట్లాడటం లేదు. "నూట పన్నెండు రోజులు నీకెలగ గేపకం ఉంటాయే?"

"తెడ్డు తిరగేసిన రోజునే కదరా మీ అయ్య పగలు ఇంటికాడుండేది. ఇసకలో నోరిప్పడు గానీ, గుమ్మం దాటి లోపలికొచ్చినాక సెప్పీవోడు, ఎందుకెల్లలేదో. నాను వంకాయల్లో రొయ్యపొట్టేసి కూరొండీదాన్ని. ఏడేడన్నం తినీసి, నా పక్కన కూకుని సెప్పీవోడు." ఆమె గొంతు కటువుగానే ఉంది. "నాను కాపరం సేసింది ఆ రోజుల్లోనేరా. నాకు గేపకం ఉండవేటి?"

మర్నాడే గున్నమ్మ బస్సెక్కింది. లేబు విశాఖపట్నంలో కొండ మీద ఉంది, కిటికీలోంచి సముద్రం పళ్లెంలో నీళ్లలా కనిపిస్తుంది. గదిలో చలి. పెద్దాయన ఒకాయన వచ్చి, జ్ఞాపకాల మీద ఆధారపడి యంత్రానికి పాఠం చెప్పడం శాస్త్రం కాదేమోనన్నాడు. "సచ్చిపోడం మటుకు శాస్త్రమేనా బాబూ?" అంది గున్నమ్మ. ఆయన మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

నిరుపమ ఒక్కో తారీఖునూ పండగల లెక్కలోకి మార్చి చెప్పేది. గున్నమ్మ కొంగు నడుముకు బిగించి, కళ్లు మూసుకుని బదులు చెప్పేది.

"పోలమాంబ పండగ తరవాతి మంగళవారం."

"మా ఆడబిడ్డ కూతురు పెళ్లి. సెలవు."

"దాని తరవాత గురువారం."

"తెడ్డు. ఆ రోజు మా పెట్ట పదకొండు పిల్లల్ని సేసింది. అడుగు నీరు ఏడిగా పైకొస్తన్నాదన్నాడు."

"వినాయకచవితికి నాలుగు రోజుల ముందు."

"జొరం. ఊరంతటికీ జొరమే. సెలవు. మర్నాడు మాత్రం తెడ్డు. దూరాన్నెక్కడో బండి దొర్లినట్టుందన్నాడు."

రెండు రోజులు పట్టింది. నూట పన్నెండులో నలభై మూడు తెడ్డు రోజులు తేలాయి. నిరుపమ ఆ నలభై మూడు రోజుల చప్పుళ్లను విడదీసి, గోడ మీది తెరపై గీతలుగా ఒకదాని కింద ఒకటి పేర్చింది. ప్రతి గీతలోనూ అట్టడుగున ఒకేలాంటి ఎత్తు, ఎద్దు మూపులా. ఎక్కడో వందల మైళ్ల దూరంలో లేచిన గాలివాన, కెరటాలై ఒడ్డు చేరేముందు పంపే వణుకు, చెవికి ఆనీ ఆనని మోత. వేటకు వెళ్లిన ఎనిమిది వందల రోజుల్లో ఒక్కదానిలోనూ అది లేదు.

"ఒక్కటి కూడా తప్పలేదక్కా. నువ్వూ తప్పలేదు, ఆయనా తప్పలేదు," అంది నిరుపమ.

"ఇంకోటుంది," అంది గున్నమ్మ.

"అన్నీ అయిపోయాయి కదా."

"ఆడు పోయిన రోజు. దాన్నేటని రాసుకున్నావు?"

నిరుపమ వెతికింది. "పెట్టెలొచ్చాక రాసిన లెక్కలో వేట అని ఉంది. ఆ రోజు వెళ్లారు కదా."

"కొట్టీ. అది తెడ్డు. ఆ రోజు ఆడు తెడ్డు తిరగేసి ఇంటికొచ్చీసినాడు. గుమ్మంలో కూకుని, కూర ఒండవే అన్నాడు. నాను పొయ్యెలిగించనేదు." గున్నమ్మ తెరవైపే చూస్తూ చెప్పుకుపోయింది. "ఊరు ఊరంతా నీ గొంతు ఇని ఎల్తంటే, నువ్వు కొంపలో దూరినావేటి, సిగ్గు నేదా అన్నాను. నీ మాట మీద నీకే నమ్మకం నేకపోతే ఊరికేటి సెప్తావు, ముసిలోడివైపోనావన్నాను. ఆడు నవ్వినాడు. సెంబుడు నీళ్లు తాగినాడు. లేసి ఎలిపోనాడు."

గున్నమ్మ కొంగు విప్పి మళ్లీ నడుముకు బిగించింది.

"పెట్టె పిలిస్తే ఎల్లనేదమ్మా ఆడు. ఊరు నవ్వితే ఎల్లనేదు. నానంటే ఎల్లినాడు. ఆ మాట కక్కలేక పదకొండు నెలలు పెట్టెని తిట్టినాను, నిన్ను తిట్టినాను, సచ్చినోణ్ణి తిట్టినాను."

నిరుపమ కళ్లు నిండాయి. "నేనూ సెలవు అని రాశాను కదక్కా..."

"ఏడవకు. నువ్వూ నానూ ఏడిస్తే పెట్టె నేర్సుకోదు. ముందది కొట్టీసి తెడ్డని రాయి."

నిరుపమ కళ్లు తుడుచుకుని రాసింది. నలభై మూడు గీతల కింద నలభై నాలుగోది వచ్చి చేరింది. దానిలోనూ అడుగున అదే మూపు ఉంది.

మూడు వారాల్లో పెట్టె పాఠం నేర్చుకుంది. ఆ చప్పుడు వినపడితే వెళ్లొద్దని చెప్పాలని దానికి తెలిసింది. ఎలా చెప్పాలన్నదే మిగిలింది. ఎల్లాజీ మాటల్లోంచి అక్షరాలు ఏరి అతికించి, లేబు కుర్రవాళ్లు ఒక మాట తయారుచేశారు. గున్నమ్మను పిలిచి వినిపించారు.

"ఒద్దు," అంది ఎల్లాజీ గొంతు.

గున్నమ్మ బల్ల మీద అరచేత్తో చరిచింది. "ఆపండి! ఆడు బతికుండగా సంద్రం ముందర ఆ మాట ఎన్నడూ అన్నేదు. సచ్చినోడి నోట్లో నేని మాట ఎట్టకండి!"

"మరి పెట్టె ఏమనాలక్కా?" అడిగింది నిరుపమ. "దానికి తెడ్డు తిరగేయడం రాదు. నోటితో ఏదో ఒకటి అనాలి."

గున్నమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. గంగమ్మ ముందు ఆ మాట అన్నవాళ్లకు ఏమవుతుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తల్లి ఇంకేం తీసుకుంటుంది, తీసుకోవలసింది తీసేసుకుందిగా అనుకుంది. కొడుకు గుర్తొచ్చి వెనకాడింది. ఆ కొడుకు కోసమే కదా అని మళ్లీ కూడగట్టుకుంది.

"ఆ పాపమేదో నా నెత్తినే పడనీ. నాకు కట్టు ఆ పట్టీ. నానంటాను."

సంతకం కూడా ఆ రోజే పెట్టింది, ఒక షరతు మీద. ఎల్లాజీ పిలుపు ఉన్న ప్రతి పెట్టెలోనూ ఒద్దనే తన తిట్టు ఉండి తీరాలి. ఒకటి లేకుండా రెండోది ఏ ఊరికీ పోకూడదు.

మొగపేటలో గొడవైంది. ఊరిపెద్దలు ఇంటి ముందుకొచ్చి కేకలేశారు. "బొట్టు నేని మనిషి గొంతు పడవల్లోనేటి? అదీ ఒద్దనే గొంతు! కట్టు తప్పితే ఊరు మునిగిపోద్ది!" అన్నారు. "ఊరు మునిగితే సూద్దాం. మనుషులు మునగడం మటుకు సూసినాం కదా," అంది గున్నమ్మ. పగిలిన పెట్టె స్థానంలో కొత్తది ధనరాజు పడవలో తనే నిలబడి బిగింపించింది. ధనరాజు అడ్డు చెప్పలేదు. ఒప్పుకోనూ లేదు.

ఎల్లాజీ పోయిన రోజు గుమ్మంలో తనేమందో, లేబులో చెప్పినదే ఆ రాత్రి అన్నం దగ్గర కొడుక్కీ చెప్పింది. ధనరాజు కంచం పక్కకు జరిపాడు. "నవ్వినోళ్లలో నానూ ఉన్నానే అమ్మా," అన్నాడు.

పది రోజులు పెట్టెలు ఎప్పటిలాగే ఎల్లాజీ గొంతుతో "పదండ్రా" అన్నాయి. పడవలు పోయి నిండుగా వచ్చాయి. పదకొండో రోజున తెల్లారేసరికి సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. గాలి లేదు, మబ్బు లేదు. ఇంత మంచి వేట రోజు మళ్లీ రాదన్నారు అందరూ. పడవలు నీళ్లలోకి తోసి గొట్టాలు ముంచారు.

పెట్టెలు పలకలేదు. ఎర్రమ్మ ఇసకలో కూర్చుని చెవి అటు తిప్పింది. మగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఇరవై మూడు పడవల్లోంచి ఒకేసారి గున్నమ్మ విరుచుకుపడింది.

"ఒద్దు! ఎక్కడికిరా ఎల్తారు? సావడానికా? ఎనక్కి లాగండి పడవలు! సిగ్గు గిగ్గు అంటే సెప్పుచ్చుకు కొడతాను. ఇంటికి పోండి, ఏడేడన్నం తినండి, పెళ్లాం పిల్లల మొకాలు సూడండి. ఒద్దంటన్నాను కదా! ఒద్దు!"

గంగమ్మ ఎదుట ఆ మాట అంత పెద్దగా ఎవరూ ఎన్నడూ వినలేదు. ఒక ముసలి సరంగు చెంపలు వేసుకున్నాడు. "ఈ నున్నటి సంద్రంలో ఏటవుతాదిరా? ఆడదాని మాట ఇని కూకుంటామా?" అన్నాడొకడు. రెండు పడవలు ఇంజిన్లు వేసుకుని మొగ వైపు కదిలాయి.

గున్నమ్మ ఒడ్డునే నిలబడి ఉంది. మొగుడు పోయిన ఆడవాళ్లు పడవలు కదిలే వేళకు ఒడ్డుకు రారు. ఆమె వచ్చింది. కొడుకునే చూస్తోంది. నోటితో చెప్పవలసింది పెట్టె చెప్పేసింది.

ధనరాజు పెట్టె వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. పడవలోంచి తండ్రి తెడ్డు తీసి, మోకాటి లోతు నీళ్లలో దింపి, పిడికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత నీళ్లోడుతూ ఆమె దగ్గరికి నడిచొచ్చాడు.

"నాకేటీ ఇనపడనేదే అమ్మా," అన్నాడు.

అని, తెడ్డును తిరగేసి ఆమె కాళ్ల దగ్గర ఇసకలో పాతాడు.

పక్క పడవవాడు చూశాడు. వాడూ తెడ్డు తీశాడు. ఒకటి, రెండు, ఆరు, పది. మొగ దాకా పోయిన రెండు పడవలవాళ్లు వెనక్కి తిరిగి చూసేసరికి ఒడ్డు పొడుగునా తెడ్ల రెక్కలు నిలబడి ఉన్నాయి. కాసేపు ఇంజిన్లు ఆపి తర్జనభర్జన పడి, వాళ్లూ తిరిగొచ్చారు. గున్నమ్మకు కోపం మాత్రం తగ్గలేదు. ఈ ఒక్క మాట ఆ రోజు గుమ్మంలో అని ఉంటే, అన్న కోపం ఈ జన్మకు తగ్గదని ఆమెకు తెలుసు.

ఎర్రమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి కోడలి చేయి దొరకబుచ్చుకుంది. మొహం నిండా బెంగ.

"ఒలే గున్నమ్మా, ఈయేళ నా కొడుకు మాటాడనేదేటే? ఎక్కడికెల్లినాడే?"

గున్నమ్మ అత్త భుజం చుట్టూ చేయి వేసి ఊరి వైపు తిప్పింది.

"ఈయేళ ఆడు ఇంటికొచ్చీసినాడత్తా. పద, కూరొండాలి."

ఇద్దరూ ఇసక దిబ్బ ఎక్కుతుండగా, వెనక మొగ దగ్గర మొదటి కెరటం విరిగిన చప్పుడు వినపడింది.